దిగులుపడినవారికి ఆరోగ్య కార్యకర్తల తోడు

నాడె వేయుటకు చేయి ఆడని దినము మన నేతపనివారిలో ఎందరికో అనుభవమే. నిద్ర లేదు, తలనొప్పి యని ఆసుపత్రికి పోవుదుము. దిగులను మాట నోట రాదు.

గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో సంగాత్ సంస్థ జరిపిన పరిశోధన 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడినది. అందు సలహా చెప్పినవారు డాక్టర్లు కారు. శిక్షణ పొందిన సామాన్యులే. దిగులు ముదిరినవారితో 6 మొదలు 8 మార్లు, మారునకు 30-40 నిమిషములు కూర్చుండిరి. ముందు వినిరి. పిదప రోగి మానివేసిన పనులలో చిన్నదొకటి, స్నేహితుని ఇంటికి పోయి వచ్చుట వంటిది, ఆ వారమునకు అతనిచేతనే ఎన్నిక చేయించిరి. మరుసటి మారు అది ఏమైనదని అడిగిరి. మూడు నెలలకు వీరిలో నూటికి 64 మంది తేరుకొనిరి. మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో 39 మందే.

మనసు కుదిరిన పిదప పని యని మన మనుకొందుము. ఈ పద్ధతిలో పనియే ముందు. దీనితో నూలు బాకీ తీరునా? తీరదు. కాని షావుకారు ఎదుటికి పోయి గడువడుగుటయు అట్టి చిన్నపనియే కావచ్చునని మా తలంపు.

పొరుగు రాష్ట్రములలోని మనవారికి తెలుగు తెలిసిన కార్యకర్త కావలయును. శాఖలవారు తమ ఆరోగ్య కేంద్రమున ఈ మాట అడుగవలెనని కోరుచున్నాము. చావు తలపు గలవారిని మాత్రము ఒంటరిగా విడువక వెంటనే డాక్టరు వద్దకు తీసికొనిపోవలెను. 2022లో ఆరంభమైన టెలిమానస్ వారి ఉచిత ఫోను 14416లో తెలుగున కూడ మాటలాడవచ్చును.