పాకం తాగే ‘బాబా’... ఫ్రెంచి కేకు మన వంటింట్లో!

కేకు అనగానే మనకి గుర్తొచ్చేది పుట్టినరోజు క్రీమ్ కేకో, క్రిస్మస్ ప్లమ్ కేకో! కానీ ఫ్రాన్స్‌లో ఓ కేకుంది. దాన్ని ఓవెన్లోంచి తీసిన రోజు తినరు. కావాలనే ఎండబెడతారు. మర్నాడు పాకంలో ముంచుతారు. పైన చెంచాడు రమ్ము పోస్తారు. పేరు ‘బాబా ఓ రమ్’. ఎండిన కేకుని పాకంలో ముంచడమేమిటి అనుకుంటున్నారా? మనకేం కొత్త కాదు. కాకినాడ గొట్టం కాజా పాకం పీల్చుకున్నట్టూ, ఆవడ పెరుగు పీల్చుకున్నట్టూ ఇదీ పీల్చుకుంటుంది. పాకం పట్టడం వచ్చినవాళ్లకి సగం బాబా వచ్చేసినట్టే.

మరి రమ్ము సంగతో? అక్కడే చాలామంది ఇల్లాళ్లు ఆగిపోతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటాన్ని చూసిన నేల మనది. వంటింట్లోకి సీసా తేవడమా అని వెనకాడటం సహజమే. అందుకే ఈ వంటలో పాకాన్నీ రమ్మునీ విడదీసి చెబుతున్నాం. అప్పుడు పొయ్యాలో వద్దో, ఎవరికి పొయ్యాలో నిర్ణయం మీ చేతిలోనే ఉంటుంది.

బాబా అంటే అవ్వ!

పోలండ్ భాషలో బాబా అంటే ముసలమ్మ, అవ్వ అని అర్థం. పొడవుగా, గుండ్రంగా పొంగే ఓ ఈస్ట్ కేకుకి అక్కడ ఆ పేరుంది. అది ఫ్రాన్స్ చేరడానికి కారణం ఓ రాజు. పోలండ్ సింహాసనం పోగొట్టుకున్న స్టానిస్లాస్ లెజిన్‌స్కీ ఫ్రాన్స్‌లో తలదాచుకున్నాడు. ఆయన కూతురు మరీ 1725లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీని పెళ్లాడింది. ఎండిపోయి గొంతు దిగని కేకుని తెస్తే రాజుగారు విసుక్కున్నారనీ, దానిమీద తియ్యటి వైన్ పోయించారనీ ఓ కథ చెబుతారు. ‘ఆలీబాబా’ కథలు చదువుతూ ఆ పేరు పెట్టాడని ఇంకో కథ. కథల మాట ఎలా ఉన్నా, ఆ ఇంటి మిఠాయి వంటవాడు నికొలా స్టోరే 1730లో పారిస్‌లోని మోంతోర్గ్వీ వీధిలో దుకాణం తెరిచాడు. అదే వీధిలో ఆ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. బాబా అక్కడి ప్రత్యేకత.

మొదట్లో రమ్ము లేదు, వైనే. రమ్ము 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. 1840లలో పారిస్‌లోని జూలియాఁ సోదరులు అదే పిండిని కిస్‌మిస్ లేకుండా, మధ్యలో చిల్లున్న గుండ్రటి అచ్చులో కాల్చారు. భోజన ప్రియుడు, ‘రుచి’ మీద పెద్ద పుస్తకమే రాసిన బ్రియా సవారాఁ పేరు దానికి పెట్టారు. అదే ‘సవారాఁ’ కేకు. ఇటలీలోని నేపుల్స్‌కి వెళ్లిన బాబా అక్కడ ఎంత దగ్గరైందంటే, ముద్దొచ్చే మనిషిని ‘నువ్వు బాబావి’ అంటారట!

ఏమేం కావాలి?

(8 నుంచి 10 బాబాలకి)

పిండికి: మైదా 250 గ్రాములు, గుడ్లు 3, గోరువెచ్చని పాలు 60 మి.లీ. (నాలుగు టేబుల్ స్పూన్లు), మెత్తటి వెన్న 80 గ్రాములు, పంచదార 25 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒకటిన్నర టీస్పూను, ఉప్పు అర టీస్పూను, కిస్‌మిస్ గుప్పెడు.

పాకానికి: నీళ్లు అర లీటరు, పంచదార పావుకిలో, ఒక కమలాపండు తొక్క, ఒక నిమ్మకాయ తొక్క, చిన్న దాల్చినచెక్క ముక్క, వెనీలా కొద్దిగా.

రమ్ము: పెద్దవాళ్లకి బాబాకి ఒక టేబుల్ స్పూను చొప్పున.

అచ్చుల కోసం వెతుక్కోవక్కర్లేదు. ఫ్రెంచివాళ్ల బాబా అచ్చు చూస్తే మన స్టీలు కాఫీ గ్లాసే గుర్తొస్తుంది. అవే వాడండి. లోపల వెన్న బాగా రాయండి.

చేసే విధానం

మైదా, ఈస్ట్, పంచదార, ఉప్పు కలపండి. గుడ్లు ఒక్కొక్కటే వేస్తూ, పాలు పోస్తూ కలపండి. ఇది చపాతీ పిండిలా ఉండదు. గారెల పిండి కన్నా జారుగా, చేతికి అంటుకుపోతూ ఉంటుంది. కంగారుపడి ఇంకాస్త మైదా కలిపేశారో, బాబా గట్టిపడిపోతుంది. చెక్క గరిటెతోనో చేత్తోనో పది నిమిషాలు ఆపకుండా కొట్టండి. చెయ్యి పైకెత్తితే పిండి తెగకుండా సాగాలి. అప్పుడు వెన్న కొంచెం కొంచెంగా కలపండి. చివర్లో కిస్‌మిస్ వేయండి.

గిన్నె మీద తడిగుడ్డ కప్పి పక్కన పెట్టండి. ఇడ్లీ పిండి లాగే ఇదీ వాతావరణాన్ని బట్టి పొంగుతుంది. ఎండాకాలం అరగంట, ముప్పావుగంట చాలు. చలికాలం గంటన్నర పట్టొచ్చు. గడియారాన్ని కాదు, పిండిని చూడండి. రెట్టింపయ్యాక మెల్లగా కలిపి గ్లాసుల్లో సగం దాకా మాత్రమే వేయండి. మళ్లీ అంచు దగ్గరకి పొంగేదాకా, అంటే అరగంటకి పైగా ఆగండి. ముందుగా 180 డిగ్రీల వేడి చేసిన ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. పైన బంగారు రంగు రావాలి. పుల్ల గుచ్చితే పొడిగా బయటికి రావాలి.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి పాత గిన్నెలో ఇసుకో ఉప్పో పరిచి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, అందులో స్టాండు మీద గ్లాసులు పెట్టి సన్నటి సెగ మీద కాల్చుకోవచ్చు. ముప్పై, నలభై నిమిషాలు పడుతుంది. రంగు తక్కువొచ్చినా పాకంలో మునిగేదే కాబట్టి బెంగలేదు.

ఎండితేనే అందం

గ్లాసుల్లోంచి తీసి జల్లెడ మీద పెట్టి, పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా వదిలేయండి. తాజా బాబాలో ఇంకా తేమ ఉంటుంది. ముంచితే పై పొర చితికిపోతుంది, లోపలికి పాకం దిగదు. ఎండినదైతే స్పాంజిలా పీల్చుకుంటుంది. పండగ పనులున్నప్పుడు ఇదే సుఖం. ఎండిన బాబాల్ని గాలి దూరని డబ్బాలో మూడు, నాలుగు రోజులు దాచుకుని, చుట్టాలొచ్చిన రోజున పాకం పట్టుకుంటే సరి.

పాకం తీగ రాకూడదు. గులాబ్‌జామ్ పాకం కన్నా పలచగా ఉండాలి. పంచదార కరిగి, రెండు మూడు నిమిషాలు మరిగితే చాలు. తొక్కల్లోని తెల్లభాగం చేదు కాబట్టి పైపైనే చెక్కండి. దించాక కాస్త చల్లారనివ్వండి. వేలు పెడితే చురుక్కుమనకుండా, బాగా వెచ్చగా ఉన్నప్పుడు బాబాల్ని వేసి తిప్పుతూ ఉండండి. బుడగలొస్తూ పాకం పీల్చుకుంటాయి. బుడగలు ఆగాక చిల్లుల గరిటెతో తీసి, పుల్ల గుచ్చి చూడండి. మధ్యలో గట్టిగా తగిలితే ఇంకోసారి ముంచండి. పళ్లెం మీద జల్లెడ పెట్టి వాటిని ఉంచి, కారిన పాకాన్ని మళ్లీ పైనే పోయండి. కొంచెం జామ్ వేడిచేసి పైన రాస్తే నిగనిగలాడతాయి. ఫ్రెంచివాళ్లు యాప్రికాట్ జామ్ రాస్తారు.

రమ్ము ఎప్పుడు?

ఇప్పుడు, చిట్టచివర! పొయ్యి మీద మరుగుతున్న పాకంలో రమ్ము ఎప్పుడూ పొయ్యకండి. ఆవిరికి మంటంటుకునే ప్రమాదముంది. సినిమాల్లో చూపించినట్టు వెలిగించే సరదా ఇంట్లో అసలొద్దు. పాకం పీల్చిన బాబాని మధ్యకి చీల్చి, ఒక చెంచా రమ్ము పైన పోస్తే చాలు. ఇది మనం కనిపెట్టిన చిట్కా కూడా కాదు. మొనాకోలో పేరున్న వంటవాడు అలాఁ డ్యుకాస్ హోటల్లో బాబాని అతిథి ముందే కోసి, వాళ్లు ఎంచుకున్న రమ్ముని అక్కడికక్కడే పోసి, పక్కన గిలక్కొట్టిన క్రీమ్ ఇస్తారు. అంటే రమ్ము లేకపోయినా బాబా బాబాయే!

ఒక విషయం దాచకూడదు. ‘వంటలో వేస్తే మత్తంతా ఎగిరిపోతుంది’ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఓవెన్‌లో అరగంట కాల్చిన కేకులో కూడా కొంత ఆల్కహాలు మిగులుతుంది. బాబాకైతే కాల్చాక పోస్తాం కాబట్టి దాదాపు అంతా అలాగే ఉంటుంది. మన దగ్గర సాధారణంగా దొరికే రమ్ములో ఆల్కహాలు 42.8 శాతం. టేబుల్ స్పూను అంటే 15 మి.లీ., చిన్న పెగ్గులో సగమన్నమాట. అందుకే పిల్లలకీ, గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ పెట్టొద్దు. మందులు వాడేవాళ్లూ, కాలేయ జబ్బున్నవాళ్లూ దూరంగా ఉండాలి. తాగుడు మానేసి కష్టపడి నిలబడ్డ మనిషి ఇంట్లో ఉంటే ఆ చెంచా కూడా వద్దు. వాసన కూడా వాళ్లకి పరీక్షే. మతం రీత్యానో, నియమం రీత్యానో ముట్టనివాళ్లుంటారు. ‘ఏం కాదులే, తెలీదులే’ అని పెట్టేయడం అతిథి మర్యాద కాదు. చెప్పి పెట్టండి. రెండు పళ్లేలు వేరుగా ఉంచండి. రమ్ము ఉన్నవాటి మీద ఒక చెర్రీ పెడితే గుర్తు తెలుస్తుంది.

రమ్ము వద్దనుకుంటే?

పాకంలో సగం నీళ్లకి బదులు కమలాపండు రసం పోయండి. అల్లం ముక్క చితక్కొట్టి వేయండి. పంచదారలో మూడోవంతు బెల్లం కలిపితే చెరకు వాసన, ముదురు రంగు వస్తాయి. రమ్ము పుట్టింది కూడా చెరకులోంచే కదా! బజార్లో రమ్ము ఎసెన్స్ దొరుకుతుంది. కొన్నిటిలో ఆల్కహాలు కలుస్తుంది కాబట్టి సీసా మీద చదివి కొనండి.

ఈస్ట్ జోలి లేకుండా...

పొంగబెట్టే ఓపిక లేనివాళ్లకి ‘గాతో నాఁతే’ ఉంది. పడమటి ఫ్రాన్స్‌లోని నాంత్ అనే రేవు పట్టణపు కేకు అది. 125 గ్రాముల మెత్తటి వెన్న, 150 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు బాగా గిలక్కొట్టండి. 100 గ్రాముల బాదంపొడి, మూడు గుడ్లు, 40 గ్రాముల మైదా, రెండు టేబుల్ స్పూన్ల రమ్ము వరసగా కలపండి. వెన్న రాసిన గిన్నెలో పోసి 175 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాల్చండి. వేడి మీదే ఇంకో రెండు స్పూన్ల రమ్ము పైన రాయండి. చల్లారాక, 75 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో ఒక స్పూను రమ్ము కలిపి పైన పూయండి. రెండు రోజులాగితే రుచి ఇంకా పెరుగుతుంది. రమ్ము బదులు కమలారసం వాడినా బావుంటుంది.

ఈ ఊరికి రమ్ము వచ్చిన దారి మాత్రం తియ్యనిది కాదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బానిస వ్యాపారానికి పెద్ద రేవు నాంత్. ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి కరీబియన్ దీవుల చెరకు తోటలకి అమ్మేవారు. ఆ చాకిరీలోంచి వచ్చిన పంచదార, రమ్ము తిరుగు ఓడల్లో ఈ ఊళ్లకి చేరేవి. మార్టినిక్, గ్వాడెలూప్ దీవుల్లో బానిసత్వం 1848లో గానీ పోలేదు. 2012లో నాంత్ నగరం నది ఒడ్డున బానిసత్వ నిర్మూలన స్మారకాన్ని కట్టింది. చెరకు నరికిన చేతుల్లో ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. మిఠాయి తింటూ ఆ సంగతి తెలుసుకుంటే రుచేం తగ్గదు. విలువ తెలుస్తుంది.

మరికొన్ని చిట్కాలు

* పాలు బాగా వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది. వేలికి గోరువెచ్చగా తగిలితే చాలు.

* పాకం పీల్చిన బాబాలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. తినే ముందు పావుగంట బయటపెట్టండి.

* మిగిలిన పాకాన్ని వడకట్టి దాచుకోండి. నిమ్మరసంలోకి బావుంటుంది. అందులో రమ్ము పడకుండా చూసుకుంటే పిల్లలకీ ఇవ్వొచ్చు.

* గుడ్డు తినని ఇళ్లవాళ్లు పాలతో చేసుకోవచ్చు గానీ, ఆ సాగుడూ ఆ మెత్తదనమూ రావు.

* రమ్ము సీసా పిల్లలకి అందని చోట తాళంవేసి పెట్టండి. వెనీలా సీసా పక్కన అస్సలు వద్దు.

మొదటిసారి ఒకటో రెండో వంకరగా పొంగుతాయి. పొంగనివ్వండి! పాకంలో పడ్డాక అన్నీ ఒకటే. ఈ ఆదివారం సాయంత్రం పిండి కలిపి పెట్టండి. సోమవారం పాకం పట్టండి. ఫ్రాన్స్ అవ్వగారు మీ ఇంటి కాఫీ గ్లాసులోంచి ఎంత ముద్దుగా బయటికొస్తారో చూడండి!