మీకు తెలుసా? సీబీసీలో పొట్ట కొవ్వు జాడ

అమలాపురంలోనో, రాజోలులోనో జ్వరమని వెళ్తే డాక్టరుగారు రాసే మొదటి పరీక్షల్లో సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, ఒకటి. ప్లేట్‌లెట్లు బాగుంటే చాలు, ఆ కాగితాన్ని బీరువా మీదకి విసిరేస్తాం. కానీ అందులో తెల్లకణాల లెక్క కూడా ఉంటుంది. సాధారణంగా 4,000 నుంచి 11,000. ఆ హద్దుల్లోనే ఉన్నా, పైఅంచుకి దగ్గరగా ఉండే పెద్దవాళ్లలో మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ తేడాలు కలిసి రావడం) ఎక్కువగా కనిపిస్తోందని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. పొట్ట కొవ్వు ఊరుకోదు మరి! వాపును రేపే రసాయనాలు వదులుతుంది, వాటితో ఎముక మజ్జ తెల్లకణాలను ఎక్కువగా తయారుచేస్తుంది. హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటానికీ ఈ సిండ్రోమ్‌తో సంబంధం కనిపించింది. అయితే చుట్ట, బీడీ, చిన్న ఇన్ఫెక్షన్ కూడా తెల్లకణాలను పెంచుతాయి కాబట్టి సీబీసీ ఒక్కదానితో ఏదీ తేల్చలేం.

ఈ సిండ్రోమ్‌నీ, అందులో భాగమైన షుగరునీ పట్నాల జబ్బులనుకోకండి. గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన సర్వే ఒకటి 2006లో వెలువడింది. 30 ఏళ్లు దాటినవారిలో దాదాపు 13 శాతానికి షుగరు ఉందని, వారిలో సుమారు సగం మందికి ఆ సంగతే తెలియదని అందులో బయటపడింది.

ఈసారి రక్తపరీక్షకి వెళ్తే నడుము చుట్టుకొలత కూడా తీయించుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు తప్పనిసరి.