తొంభై సెకన్ల వెనుక పదకొండేళ్ల శ్రమ

పందెంలో అందరికన్నా వెనుక ఉన్నవాడికి బంగారు పతకం దక్కితే అదృష్టమనే అంటాం. ఆస్ట్రేలియా స్కేటర్ స్టీవెన్ బ్రాడ్‌బరీని లోకం నేటికీ అలాగే తలచుకొంటోంది. 2002 ఫిబ్రవరి 16న అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో, ముందున్న నలుగురూ చివరి మలుపులో కూలిపోగా, అతడొక్కడే నిలబడి గీత దాటాడు. ఆ దృశ్యం టీవీల్లో లెక్కలేనన్ని సార్లు ప్రసారమైంది. అంతకుముందు పదకొండేళ్లలో జరిగినదే చాలామందికి తెలియదు.

ఇదీ ఆట

బూట్ల కింద చక్రాలు కట్టుకొని సిమెంటు నేలపై తిరిగే పిల్లలను మన పట్టణాల్లోనూ చూస్తుంటాం. షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో చక్రాల స్థానంలో కత్తివంటి ఉక్కు బ్లేడు, సిమెంటు స్థానంలో మంచు ఉంటాయి. ట్రాక్ చుట్టుకొలత 111.12 మీటర్లు. వెయ్యి మీటర్ల పందెమంటే తొమ్మిది చుట్లు. వంద మీటర్ల పరుగులో వలె ఎవరి గీతల మధ్య వారు సాగిపోయే వీలు లేదు. అందరిదీ ఒకే దారి. గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో ఎడమవైపుకు ఒరిగి, చేతివేళ్లు మంచును తాకుతుండగా మలుపు తిరుగుతారు. ఒకడు జారితే పక్కవాడినీ లాక్కుపోతాడు. మరొకరిని అడ్డగించినవాడు ముందుగా గీత దాటినా అనర్హుడే. ఈ నిబంధనను పాఠకులు గుర్తుంచుకోవాలి. బ్రాడ్‌బరీ కథలో దాని పాత్ర చిన్నదేమీ కాదు.

111 కుట్లు

1973లో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో జన్మించిన బ్రాడ్‌బరీ, 1991లో సిడ్నీలో జరిగిన ప్రపంచ పోటీల్లో 5000 మీటర్ల రిలే గెలిచిన ఆస్ట్రేలియా జట్టు సభ్యుడు. శీతాకాల క్రీడల్లో ఆ దేశానికి అదే తొలి ప్రపంచ టైటిల్. 1994లో నార్వేలోని లిల్లెహామర్ ఒలింపిక్స్ రిలేలో అతని జట్టు కాంస్యం సాధించింది. శీతాకాల ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా గెలుచుకొన్న మొదటి పతకం అదే.

అదే సంవత్సరం కెనడాలోని మాంట్రియల్‌లో ప్రపంచ కప్ పందెం సాగుతుండగా స్కేటర్లు ఢీకొన్నారు. ప్రత్యర్థి బ్లేడు బ్రాడ్‌బరీ కుడి తొడను చీల్చివేసింది. నాలుగు లీటర్ల రక్తం పోయింది. మనిషి ఒంట్లో ఉండేదే సుమారు ఐదు లీటర్లు! వైద్యులు 111 కుట్లు వేసి ప్రాణం నిలిపారు. కాలికి మునుపటి బలం రావడానికి ఏడాదిన్నర పట్టింది. 1998 నగానో ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పోటీల్లో ఇతరులు తగిలి వెనుకబడ్డాడు.

2000 సెప్టెంబరులో సాధన చేస్తూ గోడకు గుద్దుకొన్నాడు. మెడ ఎముకలు రెండు విరిగాయి. పుర్రెకు నాలుగు మేకులు బిగించి, మెడ కదలకుండా లోహపు చట్రం అమర్చారు. నెలన్నర అలాగే గడిపాడు. ఇక స్కేటింగ్ మాట మరచిపొమ్మన్నారు వైద్యులు. ఏడాదిన్నర తిరగకముందే అతడు సాల్ట్‌లేక్‌లో ఉన్నాడు.

ఆ రాత్రి

అప్పటికి అతని వయసు 28. తనకన్నా వేగవంతులు ఎందరో ఉన్నారని అతనికి తెలుసు. క్వార్టర్ ఫైనల్‌లో అమెరికా ఆశాకిరణం అపోలో ఓనో, కెనడాకు చెందిన మార్క్ గాన్యోన్‌ల వెనుక మూడో స్థానంలో నిలిచి ఇంటిదారి పట్టవలసినవాడే. అడ్డగించినందుకు గాన్యోన్‌ను న్యాయనిర్ణేతలు అనర్హుడిగా ప్రకటించడంతో ముందుకు వెళ్లాడు.

ఒకే రాత్రి వరుస పందేలు. కాళ్లలో సత్తువ సన్నగిల్లుతోంది. కోచ్ ఆన్ జాంగ్‌తో సంప్రదించి ఒక నిర్ణయానికి వచ్చాడు: ముందుకు దూసుకుపోయి గుంపులో ఇరుక్కోవడం కన్నా వెనుకనే ఉండి, జరిగేది చూడాలి. సెమీఫైనల్‌లో 1998 విజేత కిమ్ డాంగ్‌సంగ్‌తో సహా ముగ్గురు పడిపోయారు. ముందు గీత దాటిన జపాన్ స్కేటర్ తెరావో అనర్హుడయ్యాడు. బ్రాడ్‌బరీకి ప్రథమ స్థానం లభించింది.

ఫైనల్‌లోనూ అదే వ్యూహం. చివరి చుట్టుకు అతడు దాదాపు 15 మీటర్లు వెనుకబడ్డాడు. ఆఖరి మలుపులో చైనాకు చెందిన లీ జియాజున్, ఓనోను దాటబోయి పడ్డాడు. ఆ తాకిడికి ఓనో, కొరియా యువకుడు ఆన్ హ్యున్‌సూ, కెనడా స్కేటర్ టర్కాట్ ఒకరి వెంట ఒకరు కూలారు. బ్రాడ్‌బరీ గీత దాటి, నమ్మలేనట్టు మెల్లగా చేతులెత్తాడు. సమయం 1 నిమిషం 29.109 సెకన్లు. ఓనోకు రజతం, టర్కాట్‌కు కాంస్యం. దక్షిణార్ధగోళానికి శీతాకాల ఒలింపిక్స్‌లో అదే తొలి స్వర్ణం.

ఇందులో మరో చమత్కారముంది. బ్రాడ్‌బరీ పొట్టకూటికి స్కేటింగ్ బూట్లు తయారుచేసేవాడు. వాటినే ఓనో వాడేవాడు. స్వర్ణం గెలిచాక తన బూట్ల గురించి ఒక్కమాట చెప్పమని ఓనోను ముందుగానే కోరాడు కూడా!

ఈ పతకం ఆ ఒకటిన్నర నిమిషానికి వచ్చినదిగా తాను భావించనని, పదేళ్ల కష్టానికి దక్కినదిగా స్వీకరిస్తానని బ్రాడ్‌బరీ చెప్పాడు. ఆస్ట్రేలియాలో మాత్రం ఊహించని గెలుపు ఎవరికి దక్కినా 'బ్రాడ్‌బరీ చేశాడు' అనడం వాడుకలోకి వచ్చింది. వెక్కిరింపు కొంత, అభిమానం కొంత కలిసిన మాట అది.

పోటీల నుంచి తప్పుకొన్నాక ఉపన్యాసకుడిగా స్థిరపడ్డాడు. 2022లో క్వీన్స్‌లాండ్ తీరంలో అలల్లో చిక్కుకొన్న నలుగురు బాలికలను సర్ఫ్ బోర్డు సాయంతో కాపాడాడు. ఆ సాహసానికి 2023లో అధికారిక ప్రశంస లభించింది. ఈసారి అదృష్టం మాట ఎవరూ ఎత్తలేదు.