కిడ్నీ రాళ్లకు దారి వేసే గొట్టాలు: చిన్నదే మంచిదా?

మా వార్డుకు వచ్చే కుటుంబాలవారు ఈ మధ్య తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, పక్క మంచం ఆయనకు చిన్న రంధ్రమట, మా నాన్నకు పెద్ద రంధ్రం ఎందుకు పెడుతున్నారు?" కొందరు ఈ ఒక్క మాట మీదనే ఆపరేషన్ వాయిదా వేసుకొని ఇంటికి వెళ్లిపోతారు. రాయి మాత్రం వాయిదా వేసుకోదు. మూత్రానికి అడ్డం పడి, లోపల చీము పట్టి, కిడ్నీ దాదాపుగా పాడైన తరువాత తిరిగి వచ్చినవారికి మేము సేవ చేశాము. అందుకే ఈసారి ఆ రంధ్రం సంగతి, అందులో పెట్టే గొట్టం సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాము.

పూర్వం కిడ్నీలో రాయి తీయాలంటే పక్కన పెద్ద కోత పెట్టేవారు. 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రామ్, యోహాన్సన్ వీపు వైపు నుంచి చిన్న దారి వేసి రాయి తీసిన విధానాన్ని ప్రకటించారు. అదే పి.సి.ఎన్.ఎల్. సాధారణంగా 2 సెంటీమీటర్లు దాటిన రాళ్లకు దీనినే సూచిస్తారు. మత్తు ఇచ్చాక ఎక్స్‌రే తెర మీదనో, స్కానింగ్‌లోనో చూస్తూ సన్నని సూదిని కిడ్నీలోకి పంపుతారు. సూదిలోంచి ఒక తీగ వెళుతుంది. ఆ తీగ వెంబడి దారిని వెడల్పు చేసి, చివరికి ఒక గొట్టం నిలుపుతారు. దానినే షీత్ అంటాము. కెమెరా వెళ్లేది, నీళ్లు పోయేది, రాతి ముక్కలు బయటికి వచ్చేది అంతా దానిలోంచే.

దారి వెడల్పు చేయడానికి మూడు రకాల సాధనాలు వాడుకలో ఉన్నాయి. జర్మనీ వైద్యుడు ఆల్కెన్ పేరుతో పిలిచే లోహపు కడ్డీలు పాత రేడియో ఏరియల్‌లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. స్టెరిలైజ్ చేసి మళ్లీ మళ్లీ వాడవచ్చు, కాబట్టి ఖర్చు తక్కువ. ఇదివరకే ఆపరేషన్ జరిగి లోపల గట్టిపడిన వీపుకు ఇవి బాగా పనికివస్తాయి. కానీ చేతి ఒత్తిడి ఎక్కువైతే కిడ్నీ అవతలి గోడకు గుచ్చుకునే ప్రమాదముంది. రెండవది యాంప్లాట్జ్ ప్లాస్టిక్ గొట్టాలు. సన్నదానితో మొదలుపెట్టి లావుదాని దాకా ఒక్కొక్కటే పంపి తీస్తారు. మూడవది బెలూన్. ఉబ్బించగానే దారి ఒకేసారి తెరుచుకుంటుంది, పని త్వరగా అవుతుంది. అయితే ఒక్కసారి వాడి పారవేసేది, ఖరీదైనది. గట్టి మచ్చ ఉన్నచోట సరిగా విచ్చుకోకపోవచ్చు. ఏ సాధనంతో రక్తస్రావం తక్కువ అన్న విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. సర్జన్ చేయి దేనికి బాగా అలవాటుపడిందో అదే మేలని మా అభిప్రాయం.

ఇక లావు సంగతి. గొట్టం మీద "ఫ్రెంచ్" అనే కొలత ఉంటుంది. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 30 ఫ్రెంచ్ గొట్టం 10 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన చిటికెన వేలంత. మినీ అని పిలిచేవి సుమారు 14 నుంచి 20 ఫ్రెంచ్, అంటే 5 నుంచి 7 మిల్లీమీటర్లు. దారి సన్నగా ఉంటే రక్తం పోవడం తక్కువ, ఇంటికి వెళ్లడమూ సాధారణంగా త్వరగానే. ఇది నిజమే. కానీ కొమ్మలు వేసిన పెద్ద రాయిని సన్న గొట్టంలోంచి తీయాలంటే దానిని బాగా చిన్న ముక్కలు చేయాలి, సమయం పడుతుంది. పోసిన నీళ్లు సులువుగా బయటికి రాకపోతే కిడ్నీలో ఒత్తిడి పెరుగుతుంది. మూత్రంలో సూక్ష్మక్రిములుంటే ఆ ఒత్తిడికి అవి రక్తంలోకి చేరి, చలిజ్వరం, కొందరిలో ప్రాణాపాయం కూడా కలుగుతుంది. ఈ ఒత్తిడి తగ్గించడానికే నీళ్లను పీల్చివేసే ఏర్పాటున్న షీత్‌లు ఇటీవలి సంవత్సరాలలో వచ్చాయి. వాటికి ఖర్చు కొంత ఎక్కువ.

వీపుకు రంధ్రమే లేకుండా మూత్రమార్గం గుండా వెళ్లి లేజర్‌తో రాయిని పొడి చేసే పద్ధతి కూడా ఉంది. దానికీ ఒక షీత్ వాడతారు, అది మూత్రనాళంలోంచి పైకి వెళుతుంది. మూత్రనాళమే సన్నని గొట్టం కదా! 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలాంటి షీత్ వాడిన 359 మందిని పరిశీలిస్తే, 46.5 శాతం మందికి నాళం గోడకు ఏదో ఒక గాయం కనిపించింది. చాలావరకు చిన్న గాయాలే. కానీ 13.3 శాతం మందికి కండరం దాకా వెళ్లాయి. ముందుగా స్టెంట్ వేసినవారికి తీవ్రమైన గాయాలు బాగా తక్కువగా ఉన్నాయి. అందువల్ల నాళం బిగుతుగా ఉంటే సర్జన్ బలవంతం చేయరు. స్టెంట్ వేసి, ఒకటి రెండు వారాలకు మళ్లీ రమ్మంటారు. "ఆపరేషన్ చేయకుండానే బయటికి తెచ్చారు, డబ్బు వృథా" అని థియేటర్ తలుపు దగ్గర గొడవపడేవారున్నారు. ఆ రోజు డాక్టరు ఆగిపోవడమే మీవారి నాళాన్ని కాపాడింది.

కాబట్టి రంధ్రం ఎంత అని అడగండి, తప్పులేదు. దానికన్నా ముందు మూత్రం కల్చర్ రిపోర్టు వచ్చిందా అని అడగండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి. కానీ సొంతంగా మానవద్దు. గుండెకు స్టెంట్ ఉన్నవారైతే మరీ జాగ్రత్త. రాయి మొత్తం పోయిందా, ముక్కలేమైనా మిగిలాయా అన్నది డిశ్చార్జి రోజున తెలుసుకోండి.

ఇంటికి వెళ్లిన కొన్ని రోజులు మూత్రం లేత ఎరుపుగా రావచ్చు. నీళ్లు బాగా తాగితే తేటపడుతుంది. కానీ వారం పది రోజుల తరువాత కూడా ఒక్కసారిగా చిక్కటి రక్తం, గడ్డలు పడితే, లేదా చలితో జ్వరం వస్తే, రాత్రయినా సరే వెంటనే రండి. చాలామందికి లోపల డీజే స్టెంట్ పెట్టి పంపుతాము. నొప్పి లేదు కదా అని దానిని మరిచిపోతే దాని మీదనే మళ్లీ రాయి పేరుకుంటుంది, తీయడానికి ఇంకో ఆపరేషన్ కావలసి వస్తుంది. ఎన్నో వారానికి తీయించుకోవాలో డిశ్చార్జి కాగితం మీద రాసి ఉంటుంది. ఆ తేదీ చూసి, ఇంట్లో క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.