తెర మార్చాలా, వద్దా?

బ్యాంకులో ముప్ఫై మూడేళ్ళుగా ఇతరుల అప్పు దరఖాస్తుల మీద 'సిఫారసు చేయడమైనది', 'తిరస్కరించడమైనది' అని రాస్తూ వచ్చిన నాకు, మా ఇంటి దరఖాస్తు ఒకటి మూడు నెలలపాటు తేలకుండా ఉండిపోయింది. అందులో దరఖాస్తుదారుణ్ణీ నేనే, మంజూరు చేయవలసిన అధికారినీ నేనే. విషయం ఇదీ: కంప్యూటరులో ఆటలాడుకోవడానికి ఇప్పుడున్న తెర తీసేసి, ఇంకా ఎక్కువ స్పష్టత గల తెర కొనడమా, మానడమా?

యాభై ఏడేళ్ళ వాడికి ఆటలేమిటని నవ్వుకునే పాఠకులు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. మా ఆవిడ అందరికంటే ముందే నవ్వేసింది.

నిజానికి ఆ కంప్యూటర్ నాది కాదు, మా అబ్బాయిది. ఇంజనీరింగు చదివే రోజుల్లో, 2022 చివర్లో గ్రాఫిక్స్ కార్డుల ధరలు దిగి వచ్చినప్పుడు, ఆర్టీఎక్స్ 3060 కార్డు కొని వాడే విడిభాగాలు తెచ్చి బిగించుకున్నాడు. తెర మాత్రం అంతకు ముందు 2019లో కొన్నది, 24 అంగుళాలది. 2024లో వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ముగ్గురు కుర్రాళ్ళు పంచుకునే గదిలో ఈ సామానంతా పెట్టే చోటు లేక, ఇక్కడ పెరంబూరులోనే వదిలేసి లాప్‌టాప్ ఒకటి పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళే ముందు నాకు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం నేర్పించి పోయాడు. 1999లో వచ్చిన ఆట, 2019లో కొత్త మెరుగులు దిద్దుకుని మళ్ళీ విడుదలైంది. పల్లె జనంతో కట్టెలు కొట్టించి, గొర్రెలు కాయించి, పొలాలు వేయించి, ఆ రాబడితో కోట కట్టి సైన్యాన్ని పోషించాలి. జమాఖర్చులు చూసుకునేవాడికి ఇంతకంటే నచ్చే ఆట ఉంటుందా? ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి వాడు అక్కడ, నేను ఇక్కడ కూర్చుని, ఒకే జట్టుగా ఆడతాం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మామూలుగా ఫోను చేస్తే మా వాడి సంభాషణ నాలుగు ముక్కలు. "తిన్నావా?" "తిన్నాను." "ఆఫీసు ఎలా ఉంది?" "ఉంది." అంతే. కానీ ఆటలో చేతులకి పని తగిలేసరికి నోరు వదులవుతుంది. పై అధికారి సంగతి, గదిలో నీళ్ళు రాని సంగతి, ఒకసారైతే ఈ ఉద్యోగం మానేద్దామా అని ఆలోచిస్తున్న సంగతి, అన్నీ నేను కోటగోడ కడుతూ ఉండగానే బయటికి వచ్చాయి. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ పక్కన కూర్చుని స్పీకరులో అంతా వింటుంది. ఆటలో ఎవరు గెలిచారో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నాకు తెర సరిగా కనబడడం మానేసింది. మూలన ఉన్న అంకెలు అలికేసినట్టుంటాయి. శత్రువు గుర్రాలు నా పొలాల్లో పడి నాశనం చేస్తుంటే, "నాన్నా, వాళ్ళు నీ ఊళ్ళోకి వచ్చేశారు, చూడలేదా?" అని వాడు బెంగళూరు నుంచి చెప్పాలి. ఓ ఆదివారం కళ్ళు మంటలెక్కి, సగం ఆటలో లేచిపోయాను. ఆ తర్వాత వారం వాడే అన్నాడు, "తెర పాతదైపోయింది నాన్నా. ఎక్కువ రిజల్యూషన్‌ది తీసుకో. నా బోనసు వస్తుంది, నేను పంపిస్తా."

ఆ చివరి మాట దగ్గరే నా కలం ఆగిపోయింది. వాడి మొదటి బోనసు నా ఆటకి పోవడమా?

మా వంశంలో తెరల వ్యవహారం ఎప్పుడూ ఆలస్యమే. రంగుల టీవీ కొనాలా, ఉన్న బ్లాక్ అండ్ వైట్ చాలదా అని మా నాన్నగారు 1984లో మొదలుపెట్టి 1989 దాకా ఆలోచించారు. నేనూ ఆయన కొడుకునే కాబట్టి ముందు లెక్కలు వేశాను.

తెర మీద బొమ్మంతా చుక్కల ముగ్గులాంటిది. మా పాత తెర ఫుల్ హెచ్‌డీ అంటారు: అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. దాని పై మెట్టు క్యూహెచ్‌డీ: 2560 ఇంటూ 1440, అంటే 36,86,400. ఆ పైది 4కే: 3840 ఇంటూ 2160, అంటే 82,94,400. మొదటిదానికి రెండవది 1.78 రెట్లు, మూడవది సరిగ్గా నాలుగు రెట్లు. సెకనుకి 60 బొమ్మల చొప్పున చూస్తే పాత తెరకి గ్రాఫిక్స్ కార్డు 12 కోట్ల 44 లక్షల చుక్కలు పెట్టాలి. 4కే కైతే 49 కోట్ల 76 లక్షలు. కార్డు అదే, జీతం అదే, పని నాలుగింతలు! ఏ గుమాస్తా ఒప్పుకుంటాడు?

కనుక తెర ధర ఒక్కటే ఖర్చు కాదన్నమాట. తెర తెచ్చాక అది కార్డును అడుగుతుంది, కార్డు పవర్ సప్లైని అడుగుతుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా. మిషను కొనడానికి అప్పు తీసుకుని, దాన్ని నడపడానికి పెట్టుబడి లేక మళ్ళీ మా ముందు నిలబడే చిన్న కార్ఖానాదారులను ఎంతమందిని చూశాను! ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వరకు ఈ భయం తక్కువే, ఆ ఆట కార్డును పెద్దగా శ్రమపెట్టదు. కానీ అదే కంప్యూటరులో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అని ఒకటుంది. నేను అందులో ఎవరినీ కాల్చను. గుర్రం మీద కొండల్లో తిరిగి వస్తాను, అంతే. ఆ కొండలూ మంచూ గీయడానికి కార్డు ఎంత ఆయాసపడుతుందో దాని ఫ్యాన్ల చప్పుడే చెబుతుంది.

ఒక శనివారం మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కి వెళ్ళాను. కంప్యూటరు సామాను కొనదలచిన చెన్నైవాసి ముందు అక్కడికి వెళ్ళవలసిందే. ఒక దుకాణం కుర్రవాడు 27 అంగుళాల క్యూహెచ్‌డీ 18,500 అన్నాడు. 4కే అయితే ఆట కోసం చేసినది 38,000 అన్నాడు. నేను తల పంకించగానే 240 హెర్ట్జ్ అనీ, వంపు తెర అనీ, ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. హెర్ట్జ్ అంటే సెకనుకి తెర ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో ఆ సంఖ్య. తుపాకీ ఆటల్లో క్షణంలో తిరిగి కాల్చే కుర్రవాళ్ళకి దానితో పని. గొర్రెలు కాసుకునే నాకు 240 ఎందుకు? పన్ను సంగతి కూడా అడిగాను, అలవాటు కదా. 32 అంగుళాల వరకు తెరలకు జీఎస్టీ 18 శాతమే. అంతకు మించిన వాటికి 28 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికీ 18 చేశారు. కాబట్టి పన్ను కోసం చిన్నది కొనే అవసరం తీరిపోయింది.

కొనకుండా తిరిగి వచ్చాను. ఆ రాత్రి మా వాడు ఒక కిటుకు చెప్పాడు. ఇలాంటి ఆలోచనలో ఉన్న మన ఇళ్ళ పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. ఎన్విడియా కార్డుల సెట్టింగుల్లో డీఎస్ఆర్ అనే సదుపాయం ఉంది. పాత తెర మీదే కార్డు చేత పెద్ద రిజల్యూషన్‌లో బొమ్మ గీయించి, దాన్ని కుదించి చూపిస్తుంది. తెర కొనకముందే కార్డు ఆ భారం మోయగలదా అని చూసుకోవచ్చు. మా ట్రయల్ బ్యాలెన్సు వంటిదే. అందులో 1.78, 4.00 అన్న అంకెలే కనబడితే, నా లెక్క తప్పలేదని కొంచెం గర్వపడ్డాను. గుర్రం ఆటలో పాత పద్ధతిన సెకనుకి 70, 80 బొమ్మలు వస్తున్నవి క్యూహెచ్‌డీకి 50, 60 మధ్యకు దిగాయి. 4కే పెట్టేసరికి గుర్రం నడవడం మాని ఈడ్చుకుంటూ పోయింది. డీఎల్ఎస్ఎస్ అని ఇంకో ఉపాయం ఉంది: చిన్న బొమ్మ గీసి, దాన్ని తెలివిగా పెద్దది చేసి చూపుతుంది. అది పెడితే 4కే కూడా కొంత కుదుటపడింది. అయితే ఆ ఏర్పాటులో 'క్వాలిటీ' మెట్టు ఎంచుకుంటే లోపల అసలు గీసేది క్యూహెచ్‌డీ బొమ్మే. అలాంటప్పుడు 38,000 ఎందుకు పెట్టాలి? 4కే దరఖాస్తు అక్కడే తిరస్కరించడమైనది.

మిగిలింది క్యూహెచ్‌డీ. దాని మీద సంతకం పెట్టబోతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది. "ఏమండీ, మీకు కంప్యూటరే కాదు, పంచాంగం కూడా ఆనడం లేదు. ముందు కళ్ళు చూపించుకోండి."

కళ్ళ డాక్టరుగారు చెప్పింది విని సిగ్గుపడ్డాను. నాది ప్రోగ్రెసివ్ అద్దం. పై భాగం దూరానికి, కింది భాగం పుస్తకం చదవడానికి, అంటే ముప్పావు మూర దూరానికి. కంప్యూటరు తెర రెండడుగుల దూరంలో ఉంటుంది. దానికి సరిపడే భాగం మధ్యలో సన్నని పట్టీ అంత ఉంటుంది. అందుకే గెడ్డం పైకెత్తి చూడడం, మెడ నొప్పి, కళ్ళ మంట. ఆ రెండడుగులకే సరిపోయేలా విడిగా ఒక జోడు రాసిచ్చారు. 2,400 రూపాయలయింది. ముప్ఫై మూడేళ్ళలో మొదట ఆడిట్ చేయవలసినది ఆఖరున చేశాను.

కొత్త జోడు పెట్టుకుని కూర్చుంటే అంకెలు ముత్యాల్లా కనిపించాయి. హమ్మయ్య, పద్దెనిమిది వేలు మిగిలాయి అనుకున్నాను. ఆ సంబరం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఇన్నాళ్ళూ మసకలో కలిసిపోయిన చుక్కలు ఇప్పుడు విడివిడిగా కనబడుతున్నాయి! కోటగోడ అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి.

మళ్ళీ కాగితం తీశాను. మామూలు చూపు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా వివరం పట్టగలదంటారు. మా ఆవిడ కుట్టు టేపుతో కొలిస్తే నా కంటికీ తెరకీ దూరం 60 సెంటీమీటర్లు. అంత దూరాన ఆ అరవయ్యో వంతు 0.17 మిల్లీమీటర్ల పైచిలుకు. మా పాత తెరలో చుక్కకీ చుక్కకీ ఎడం 0.28. అందుకే కనబడుతోంది. 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 0.23. పూర్తిగా మాయం కాదు, తగ్గుతుంది. అదే సైజు 4కే లో 0.16, అంటే కంటి పట్టుకు అందదు. అందనంత సన్నదనానికి మరో ఇరవై వేలు పోయడం నాకు ఇష్టం లేదు.

చివరికి క్యూహెచ్‌డీయే కొన్నాను, నా డబ్బుతోనే. వాడు అలిగాడు. అందుకని కళ్ళజోడు 2,400 మాత్రం వాడి బోనసులోంచి పంపించమన్నాను. నిమిషంలో పంపాడు.

కొత్త తెర బిగించాక ఒక పొరపాటు చేశాను. అది 180 హెర్ట్జ్ తెర అయినా, పాత కేబులే తగిలించి వాడుకుంటున్నాను. విండోస్ దాన్ని 60 మీదే నడిపిస్తోంది. మూడు వారాల తర్వాత మా వాడు అడిగి, డిస్‌ప్లే సెట్టింగుల్లోకి నడిపించి చూపించాడు. పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ అట్టలో అలాగే ఉంది. ఈ విషయం మా బ్రాంచిలో కుర్రవాళ్ళకు చెప్పలేదు.

ఇక పాత తెర. దాన్ని అమ్మితే ఎంత వస్తుందని రిచీ స్ట్రీట్‌లో అడిగితే రెండు వేలన్నారు. దుప్పటిలో చుట్టి, బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒడిలో పెట్టుకుని బెంగళూరు తీసుకెళ్ళాను. వాడి గది చూడడం అదే మొదటిసారి. మంచం మీద తలగడ, తలగడ మీద లాప్‌టాప్. వాడు గూనిగా వంగి కూర్చుని ఏడాదిగా నాతో ఆడుతున్నది అలాగట. ఈ ఆటలో కలిసి ఆడేవాళ్ళలో ఎవరి యంత్రం నెమ్మదో, అందరి ఆటా ఆ నెమ్మదితోనే నడుస్తుంది. కొన్ని ఆదివారాలు ఆట నీళ్ళలో నడిచినట్టు సాగితే నా కంప్యూటరే ముసలిదైందనుకున్నాను. వాడు ఒక్కసారి కూడా చెప్పలేదు.

కిటికీ పక్కన చిన్న బల్ల ఖాళీ చేయించి, తెర నిలబెట్టి లాప్‌టాప్‌కి తగిలించాం. లెక్క ప్రకారం వాడికి ఒక్క చుక్క కూడా పెరగలేదు. ఆ లాప్‌టాప్ కూడా ఫుల్ హెచ్‌డీయే. కానీ వాడు వీపు నిటారుగా పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

మొన్న ఆదివారం ఆడుతుంటే, "నాన్నా, నీ ఉత్తరం గోడ దగ్గర పది గుర్రాలు" అన్నాడు. "చూశాన్లే" అన్నాను. ఉద్యోగం సంగతి ఏం చేశావని నేను అడగలేదు. కాసేపటికి వాడే, "ఇంకో ఆరు నెలలు చూస్తా నాన్నా" అన్నాడు. మా ఆవిడ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి స్పీకరు దగ్గరికి జరిగింది.