ఊపిరి ఆగినట్లయితే?

కబడ్డీలో పొట్టపై గట్టిగా దెబ్బ తగిలితే నోరు తెరిచినా ఊపిరి రాదు. నాకూ అలాగే అయింది, చచ్చిపోతాననుకున్నాను. ఊపిరితిత్తుల కింద ఉండే విభాజక పటలం అనే కండరం దెబ్బకి బిగుసుకుపోతుంది. అది సడలితే ఊపిరి దానంతటదే వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు చాలు.

పడినవాడి చుట్టూ మూగకండి, వీపుమీద గుద్దకండి, వెంటనే నీళ్ళు తాగించకండి. నడుము దగ్గర బట్టలు వదులుచేసి, మోకాళ్ళు ముడుచుకొని పడుకోనివ్వండి. ముక్కుతో మెల్లగా పీల్చి నోటితో వదలమనండి.

అయినా ఊపిరి అందకపోయినా, కడుపునొప్పి తగ్గకపోయినా, వాంతులైనా, కళ్ళు తిరిగినా, ఎడమ భుజం నొప్పి పెట్టినా వెంటనే వార్డెన్ సారుకి చెప్పాలి. మలేరియా వచ్చినవాళ్ళకి ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉబ్బి ఉండొచ్చు. దెబ్బ తగిలితే అది పగిలి ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం తగ్గినా డాక్టరుగారు సరేనన్నాకే కూతకి దిగాలి.