సంఘం రేడియో

సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్ గ్రామములో ప్రసారాలు ప్రారంభించిన సామాజిక రేడియో కేంద్రము. మాచ్‌నూర్ గ్రామము తెలంగాణ రాష్ట్రము, సంగారెడ్డి జిల్లా, ఝరాసంగం మండలములో ఉన్నది. కేంద్రము ప్రారంభమైన నాటికి ఈ ప్రాంతము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు మెదక్ జిల్లాలో భాగము. స్వచ్ఛంద సంస్థల ఆధ్వర్యములో అనుమతి పొంది ప్రసారాలు మొదలుపెట్టిన సామాజిక రేడియోలలో భారతదేశములో ఇదే మొదటిది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన గ్రామ సంఘాల స్త్రీలు, వారిలోను ఎక్కువగా దళిత స్త్రీలు, ఈ కేంద్రమును నడుపుటకు పూనుకొన్నారు. కేంద్రమునకు ఆ పేరు ఈ సంఘాల వలననే వచ్చినది. దీనికి కేటాయించిన పౌనఃపున్యము 90.4 మెగాహెర్ట్జ్.

సామాజిక రేడియో అనగానేమి

రేడియో ప్రసారాలు స్థూలముగా మూడు రకములు. ప్రభుత్వ నిధులతో నడిచే ఆకాశవాణి వంటివి మొదటి రకము. ప్రకటనల రాబడిపై నడిచే వాణిజ్య ఎఫ్.ఎం. కేంద్రాలు రెండవ రకము. ఒక ప్రాంతములోని ప్రజలే కార్యక్రమాలు తయారుచేసుకొని, తామే నిర్వహించుకొని, లాభాపేక్ష లేకుండ ప్రసారము చేసికొనునది మూడవ రకము. దీనినే సామాజిక రేడియో అందురు. ఊరివాళ్ళ కోసము ఎవరో తయారుచేసిన కార్యక్రమము ఊరి రేడియోలో వచ్చినంత మాత్రమున అది సామాజిక రేడియో కాజాలదు. మైకు ఎవరి చేతిలో ఉన్నది, ఏమి మాట్లాడవలెనో ఎవరు నిర్ణయిస్తున్నారు అనునవే ఇక్కడ గీటురాళ్ళు.

ఇటువంటి ప్రయత్నాలు ఇతర దేశాలలో ముందే జరిగినవి. ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణము కేంద్రముగా 1980లో ఆదివాసుల ప్రసార సంస్థ ఏర్పడినది. కెనడాలో 1999లోను, న్యూజీలాండ్ మావోరీలకు 2004లోను సొంత టెలివిజన్ వాహినులు వచ్చినవి. ఆ దేశాలలో ముఖ్య సమస్య అంతరించిపోతున్న భాషలను నిలుపుకొనుట. మాచ్‌నూర్ స్త్రీల సమస్య కొంత వేరు. వారి భాష తెలుగే. తెలుగులో పత్రికలకు, వాహినులకు ఏనాడూ కొదువ లేదు. అయితే జహీరాబాద్ ప్రాంతములో ఉర్దూ, కన్నడ పదాలు కలిసి పలికే మాటతీరు, అందులోను నిరుపేద రైతుకూలీ స్త్రీ మాట్లాడే తీరు, ఆ తెలుగులో వినిపించేది కాదు.

నేపథ్యము

జహీరాబాద్ పట్టణము హైదరాబాదు - ముంబయి జాతీయ రహదారిపై, కర్ణాటకలోని బీదరు జిల్లాను ఆనుకొని ఉన్నది. చుట్టుప్రక్కల నేల మెట్ట. వర్షాధారముగా జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, కుసుమ వంటి పంటలు కలిపి పండించుట ఇక్కడి పాత అలవాటు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఈ ప్రాంతములో పని ప్రారంభించినది. దీని కార్యాలయము జహీరాబాద్ మండలములోని పస్తాపూర్‌లో ఉన్నది. సంస్థ స్థాపకులలో ముఖ్యుడైన పి.వి.సతీష్ పూర్వము దూరదర్శన్‌లో పనిచేసిన వ్యక్తి. ఆయన 2023 మార్చి 19న మరణించాడు.

బీడు భూములను సాగులోనికి తెచ్చుట, పాత విత్తనాలను కాపాడుట, స్థానిక ధాన్యముతో సమాంతర ప్రజాపంపిణీ నడుపుట సంఘాల ప్రధాన కార్యక్రమాలు. ఏ విత్తనము ఏ నేలకు సరిపోవును, ఏ పంటతో ఏ పంటను కలిపి వేయవలెను, గింజలను పురుగు పట్టకుండ ఎట్లు దాచవలెను అను విషయాలు ఈ స్త్రీలకు కంఠతా వచ్చును. కాని వారిలో అత్యధికులకు చదువను వ్రాయను రాదు. అందుచే ఆ పరిజ్ఞానము ఒక ఊరినుండి మరొక ఊరికి చేరవలెనన్నచో కాగితము పనికిరాదు, నోటిమాటే దారి. రేడియో ఆలోచన ఇక్కడ పుట్టినది. ఏటా సంక్రాంతి నుండి ఎడ్లబండ్లపై విత్తనాలను ఊరూరా త్రిప్పే పాత పంటల జాతర వెనుక ఉన్నదీ ఇదే అవసరము.

కేసెట్ల కాలము

యునెస్కో సంస్థ సహాయముతో మాచ్‌నూర్‌లోని పచ్చసాలె ఆవరణలో రికార్డింగు స్టూడియో 1998 నాటికి సిద్ధమైనది. కొద్దిపాటి శిక్షణతో జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను ఇద్దరు యువతులు కార్యక్రమాల తయారీ బాధ్యత స్వీకరించారు. స్టూడియో ఉన్నది, మాట్లాడువారు ఉన్నారు, వినువారు ఉన్నారు. లేనిది అనుమతి మాత్రమే. ప్రసారము చేసినచో చట్టరీత్యా నేరము.

ఈ స్థితిలో వారు కార్యక్రమాలను రికార్డు చేసి, కేసెట్లను గ్రామాలకు పంపి, సంఘ సమావేశాలలో టేప్‌రికార్డరుపై వినిపించుట ప్రారంభించారు. రాత్రి భోజనాలైన తరువాత స్త్రీలు గుమిగూడి వినుట, విన్నదానిపై చర్చించుట జరిగెడిది. ఇట్లు పది సంవత్సరాలు గడిచినవి. ప్రసారము లేకుండ రేడియోను దశాబ్దకాలము నడుపుట విచిత్రముగా తోచవచ్చును గాని, అనుమతి వచ్చుసరికి చేతిలో పాటలు, కథలు, సాగు ముచ్చట్లు, ఇంటి వైద్యము మొదలైన వాటి పెద్ద నిధి ఏర్పడుటకు ఆ పదేళ్ళే కారణము.

ఇదే సంస్థకు చెందిన మరికొందరు స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకొన్నారు. వరంగల్ జిల్లాలో బి.టి. ప్రత్తి వేసిన రైతుల కష్టనష్టాలపై వీరు తీసిన చిత్రము 2003లో వెలువడి విదేశాలలో సైతము ప్రదర్శింపబడినది. కెమెరా కోణాలకు వీరు పెట్టుకొన్న పేర్లు ప్రసిద్ధమైనవి. పైనుండి క్రిందికి చూచే కోణము పటేల్ షాట్, ఏలయనగా భూస్వామి కూలీలను అట్లే చూచును. క్రిందినుండి పైకి చూచే కోణము వెట్టివాని చూపు. కంటికి సమానమైన ఎత్తులో పెట్టినది సంఘం షాట్, ఏలయనగా సంఘములో అందరూ ఒకే మట్టమున కూర్చుందురు. సినిమా పాఠ్యపుస్తకములో పేజీల కొలది వివరించునది ఇందులో మూడు ముక్కలలో ఇమిడినది.

న్యాయస్థాన తీర్పు

అనుమతి కథకు మూలము ఒక క్రికెట్ పోటీ. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టము ప్రకారము ప్రసారాలపై ప్రభుత్వమునకే సర్వాధికారము ఉండెను. 1993లో కలకత్తాలో హీరో కప్పు పోటీల ప్రత్యక్ష ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘము ఒక విదేశీ సంస్థకు ఇచ్చుటతో దూరదర్శన్‌తో వివాదము తలెత్తినది. అది సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. 1995 ఫిబ్రవరి 9న న్యాయమూర్తులు పి.బి.సావంత్, ఎస్.మోహన్, బి.పి.జీవన్‌రెడ్డి తీర్పు ఇచ్చారు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యము తగదు, ప్రజల మేలు కొరకు వాటిని నియంత్రించుటకు స్వతంత్ర సంస్థ ఉండవలెను అనునది తీర్పు సారాంశము. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జీవన్‌రెడ్డి తన ప్రత్యేక తీర్పులో, వాక్ స్వాతంత్ర్యము పేరిట ప్రైవేటు వ్యక్తులకు ప్రసార కేంద్రాలు నెలకొల్పు హక్కు దానంతట అదే రాదని కూడ హెచ్చరించారు. అనగా గుత్తాధిపత్యము సర్కారునుండి సంపన్నుల చేతిలోనికి మారుట న్యాయస్థానము కోరినది కాదు.

జరిగినది మాత్రము కొంత అదే. ఎఫ్.ఎం. పౌనఃపున్యాలు వేలము వేయబడి 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు వాణిజ్య రేడియో వచ్చినది. గ్రామాలవారికి అప్పటికి దారి తెరువలేదు. 2000 జులైలో పస్తాపూర్‌లో జరిగిన సమావేశము, లాభాపేక్ష లేని మూడవ శ్రేణి ప్రసారాలను గుర్తింపవలెనని కోరినది. పస్తాపూర్ ప్రకటనగా ఇది ప్రసార మాధ్యమాల విద్యార్థులకు సుపరిచితము. 2002 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము విద్యాసంస్థలకు మాత్రము అనుమతినిచ్చినది. దాని ఫలితముగా 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయము కేంద్రము మొదలైనది. అక్షరము రానివారికే రేడియో ఎక్కువ అవసరము కాగా అనుమతి మొదట విశ్వవిద్యాలయాలకు దక్కుట గమనార్హము.

ఇదే కాలములో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల స్త్రీలు 2002లో మన రేడియో పేరుతో అతి స్వల్ప శక్తిగల ప్రసారాన్ని ప్రారంభించగా, అనుమతి లేని కారణముగా 2003లో అధికారులు దానిని మూయించారు. కర్ణాటకలోని బూదికోటెలో నమ్మ ధ్వని కార్యక్రమాలను కేబులు తీగల ద్వారా ఇండ్లకు పంపుట ద్వారా చట్టపు చిక్కు తప్పించుకొన్నారు.

2006 నవంబరు 16న ప్రకటించిన నూతన విధానము స్వచ్ఛంద సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు అవకాశము కల్పించినది. రెండేళ్ళకు మాచ్‌నూర్ కేంద్రము ప్రసారానికి సిద్ధమైనది. 2008 అక్టోబరు 15న దానిని ప్రారంభించినవారు జస్టిస్ సావంత్. తాము వ్రాసిన తీర్పు పదమూడేళ్ళ తరువాత ఏ రూపము ధరించినదో కన్నులార చూచే అవకాశము న్యాయమూర్తులకు అరుదు. అక్టోబరు 15 గ్రామీణ స్త్రీల అంతర్జాతీయ దినము కూడ.

ప్రసార విధానము

మొదటి దినాలలో ప్రసారము రాత్రి 7 గంటల నుండి 9 గంటల వరకు, అనగా పొలమునుండి వచ్చి వంట ముగించు వేళకు ఉండెడిది. ఋతువును బట్టి విత్తుట, కలుపు, కోత, ధాన్యము నిలువ వంటి విషయాలు, మూలికా వైద్యము, పిల్లల పెంపకము, పండుగలు, జానపద గీతాలు, కథలు కార్యక్రమాలలో ముఖ్యమైనవి. మాట్లాడువారు కూడ సంఘ స్త్రీలే. నిపుణుడు చెప్పుట, రైతు వినుట అను పద్ధతికి ఇక్కడ ప్రాముఖ్యము తక్కువ.

నిబంధనల ప్రకారము సామాజిక రేడియో ప్రసార శక్తి సాధారణముగా 100 వాట్లు, స్తంభము ఎత్తు 30 మీటర్లు మించరాదు. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు సరళరేఖలో పయనించును గనుక గుట్టలు అడ్డమున్నచో అందవు. మొత్తము మీద 10 నుండి 15 కిలోమీటర్ల వరకు స్పష్టముగా వినవచ్చును. శక్తి తక్కువగుట వలన ఒక లాభము కలదు. ఒకదానికొకటి దూరముగా ఉన్న కేంద్రాలకు ఒకే సంఖ్య కేటాయింపవచ్చును. దేశములోని పలు సామాజిక రేడియోలు 90.4 మీదనే వినిపించుటకు ఇదియే కారణము.

నిబంధనలు, విమర్శలు

2006 విధానము ప్రకారము కార్యక్రమాలలో కనీసము సగము స్థానిక ప్రజల భాగస్వామ్యముతో తయారు కావలెను. ప్రసారమైన ప్రతి కార్యక్రమపు రికార్డును మూడు నెలలు భద్రపరుపవలెను. వార్తలు, వర్తమాన రాజకీయ విషయాలు నిషిద్ధము. ఈ చివరి నిబంధనపై తొలినుండి విమర్శ కలదు. ప్రైవేటు టెలివిజన్ వాహినులు ఇరువది నాలుగు గంటలు వార్తలు చెప్పుచుండగా, పది ఊళ్ళకు వినిపించే రేడియో తన పంచాయతీ వార్త చెప్పరాదనుటకు సమంజసమైన కారణము చూపుట కష్టము.

ఆర్థిక సమస్య మరొకటి. ప్రకటనలకు గంటకు 5 నిమిషాలు మాత్రమే మొదట అనుమతి ఉండెను. 2012లో వార్షిక తరంగ రుసుమును 19,700 రూపాయల నుండి 91,000 రూపాయలకు పెంచగా, దేశవ్యాప్తముగా వ్యతిరేకత రావడముతో ఆ పెంపును ఉపసంహరించారు. 2024 మార్గదర్శకాలలో ప్రకటనల సమయము గంటకు 12 నిమిషాలకు పెరిగినది. అనుమతి కాలము 5 నుండి 10 సంవత్సరాలైనది. అప్పటికి దేశములో దాదాపు 500 సామాజిక రేడియోలు ఏర్పడినవి.

ఈ ఉద్యమ చరిత్రపై హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు వినోద్ పావరాల, కాంచన్ మలిక్ వ్రాసిన ఆంగ్ల గ్రంథము 2007లో వెలువడినది. సామాజిక మాధ్యమాలపై యునెస్కో పీఠము 2011లో అదే విశ్వవిద్యాలయములో నెలకొల్పబడినది. సంఘాల వ్యవసాయ కృషికి గాను దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఇచ్చే ఈక్వేటర్ బహుమతి పొందినది.